వేయించిన విత్తనం

ఒగ్వెనో పెళ్లాలిద్దరూ ఒక తల్లి బిడ్డలు. పెద్దది అడేరో. తన కడుపున పుట్టినవాళ్లెవరూ నిలవకపోతే, ఎవతో వచ్చి నెత్తినెక్కే కంటే సొంత చెల్లెలు నయమని, తనే పుట్టింటికెళ్లి అకుముని వెంటబెట్టుకొచ్చింది. తల్లి పోయాక తను వీపున కట్టుకుని పెంచిన చెల్లెలు. ఒగ్వెనో చనిపోయాక అకుముకి ఆడపిల్ల పుట్టింది. తండ్రి పోయాక పుట్టింది కనక అచోలా అన్నారు. పాలు తాగడం తల్లి దగ్గర, మిగతా బతుకంతా పెద్దమ్మ చంకలో.

మాది పక్క వాకిలే. కంచె అవతల ఎవరు దగ్గినా వినపడుతుంది.

పిల్లకి మూడేళ్లొచ్చిన యేడు, వానల ముందు, నీళ్ల రేవులో దాని తల ఎవరు గొరగాలని అక్కాచెల్లెళ్లకి మాటామాటా వచ్చింది.

"నువ్వెంత మోసినా కన్నదాన్ని నేనే కదక్కా" అంది అకుము. నవ్వుతూనే అంది. అడేరో సగం నిండిన కుండ నెత్తికెత్తుకుని వచ్చేసింది.

సరస్సు మీంచి వానొచ్చింది. ఊరంతా జొన్న చల్లుకున్నారు. అడేరో కదల్లేదు. మాలో పెద్ద పెళ్లాం చల్లకుండా చిన్నది గింజ వెయ్యకూడదు. వేస్తే చిరా అనే కీడు తగులుతుంది. ఆ కీడు గింజ వేసినదాన్ని వదిలేసి దాని పిల్లల మీద పడుతుంది. అకుము పార పట్టుకుని అక్క గుమ్మం ముందు అటూ ఇటూ తిరిగేది. నోరు తెరిచి మాత్రం అడగలేదు.

నేనే వెళ్లాను.

"పదును ఆరిపోతోంది అక్కా. ఏమిటీ పంతం?"

"నడుం నొప్పి."

"నోట్లో ఉంది నీ నొప్పి. ఆ పిల్ల ఏం తింటుంది రేపు?"

"దానికి నా గాదెలో ఉంది. దాని తల్లికే లేదు."

"పరాయి సవతైతే ఇంత చేసేదానివా?"

"పరాయిది ఆ మాట అనుంటే ఉమ్మేసి ఊరుకుందును. దీని ముక్కు చీదింది నేను."

మర్నాడు తెల్లారేసరికి అడేరో చేలో ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్లందరం చూస్తుండగా చల్లింది. అకుము ఆ పూటే తన చేనూ చల్లుకుంది. కొన్నాళ్లకి చెల్లెలి చేను పచ్చబడింది. అక్కది నేల రంగులోనే ఉండిపోయింది.

"చీమలు మోసుకుపోయినట్టున్నాయి" అంది అడేరో, అచోలాకి గంజి పడుతూ.

ఆ తరవాతే పిల్లకి జ్వరం. ఆసుపత్రిలో సూది వేయించినా దిగలేదు. అది కళ్లు తేలేసేసరికి, ఒళ్లో పెట్టుకున్న అడేరో తల ఎత్తకుండా అంది:

"నేను చల్లింది వేయించిన జొన్న."

అకుము అక్క వైపు తిరిగింది. "అయితే మొలిచే గింజ ముందు చల్లింది నేనా?"

"నీకు తగలాలనుకున్నా. దీనికి కాదు."

"పిల్లలకే తగులుతుందని నీకు తెలీదా?"

"తెలుసు. వేయించేటప్పుడు ఇది గుర్తు రాలేదు. నువ్వే గుర్తున్నావు."

చిరా పోవడానికి పెద్దలు ఏవో చెట్ల వేళ్లు నూరించి, ఇద్దరూ ఒకే చిప్పలో తాగి, పిల్లకీ పట్టమన్నారు. అక్క ఎంగిలిని అకుము కళ్లు మూసుకుని తాగింది. వేళ్ల వల్లో సూది వల్లో జ్వరం దిగింది. దిగిన పూటే అకుము పిల్లని తన గుడిసెకి ఎత్తుకుపోయింది. అచోలా కంచె పట్టుకుని పెద్దమ్మా అని ఏడిస్తే, తల్లి వచ్చి ఒక్కో వేలూ విడదీసి లాక్కుపోయేది.

కోతలు రాకముందే అడేరో మంచాన పడింది. తిండి మానేసింది. పొద్దున్నే నీళ్లు కాచి, అక్క ఒళ్లు తుడిచి, బట్ట మార్చేది అకుమే. ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఇంత చేస్తున్నావు, నోరు విప్పితే ఏం పోతుందే?"

"ఒళ్లు తుడుస్తున్నా కదా వదినా. నేను కాకపోతే ఎవరు తుడుస్తారు?"

"పోనీ, పిల్లని ఒక్కసారి తెచ్చి చూపించు. అక్క ప్రాణం దాని కోసమే కొట్టుకుంటోంది."

"ఆ ఒక్కటీ అడక్కు. పిల్లని చూస్తే అక్క లేచి కూర్చుంటుంది."

అని, నీళ్లు మరీ వేడిగా ఉన్నాయేమోనని మోచెయ్యి పెట్టి చూసింది.