కెప్టెన్ చేతిలో తాళాలు

పదకొండేళ్లుగా వారపత్రికలో టీవీ సీరియళ్లను చీల్చి చెండాడటమే నా ఉద్యోగం. మా ఎడిటర్‌గారు నన్ను పేరుతో పిలవరు, "ఏమ్మా మిరపకాయ్" అంటారు. ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు నేను.

ఈ వారం పని, మూడు అంతరిక్ష సీరియళ్లు పక్కపక్కన పెట్టి ఏ పాత్ర ఎలా మారిందో పోల్చడం. మూడింట్లోనూ ఒకటే వరస, మంచి కెప్టెన్ చెడిపోతాడు. మొదటిదాంట్లో ఒక్క ఎపిసోడ్‌లోనే రాక్షసుడైపోయాడు. అదీ ఒక రచనేనా, నా మొహం! రెండోది కాస్త నయం, ఓ సీజన్ పట్టింది. మూడోదాంట్లో కెప్టెన్ ఒక మరమనిషి. ఓడలో ఒక్కో తలుపూ మూస్తూ, ప్రతిసారీ "మీ మంచికే" అంటాడు. ఇంట్లో రోజూ వింటున్న మాటే అది.

నెల కిందట మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాను. మా ఆయన స్కూటర్ తాళం దాచారు. "నీ మంచికే" అన్నారు. తర్వాతి వారం ఫోను తీసుకున్నారు, అది చూస్తే తలనొప్పి పెరుగుతుందట. ఇప్పుడు ఆఫీసుకు వెళ్తూ బయట తాళం వేసుకుని మరీ వెళ్తున్నారు. అరిచారా? లేదు. చెయ్యెత్తారా? అబ్బే. నిజం చెప్పొద్దూ, ఆ మూడు పాత్రలకంటే మా ఆయన పాత్రే బాగా కుదిరింది. ఎక్కడ మారారో నేనే పట్టుకోలేకపోయాను. పాత్రల గురించి లోకానికి పాఠాలు చెప్పేదాన్ని! సిగ్గుతో చచ్చిపోయాను, భయంతో అంతకంటే ఎక్కువ.

మాది పై అంతస్తు. కిటికీ తీస్తే ఎదురుగా గోడ. నేనిలా ఉన్నానని బయట ఒక్క మనిషికైనా తెలియాలి. ఉన్న దారి ఈ వ్యాసమొక్కటే. నేను కాగితం మీద రాసిస్తే ఆయన చదివి, తన ఫోనులోంచి ఎడిటర్‌గారికి పంపుతారు. అందుకని ఆ మరమనిషిని ఆకాశానికెత్తాను. తలుపులు మూయడం ప్రేమేనని, అంతటి కెప్టెన్ దొరకడం అందరి అదృష్టమని రాశాను. మిరపకాయ ఇలా రాసిందంటే ఎడిటర్‌గారు చదివిన మరుక్షణం పరుగెత్తుకొస్తారు.

బుధవారం పొద్దున ఆయన కాఫీ తాగుతూ చదివారు. చదువుతున్నంతసేపూ నవ్వుమొహమే.

"నువ్వు మెచ్చుకోవడమేమిటి?" అన్నారు మెత్తగా.

"నచ్చిందండీ" అన్నాను.

"ఒక్క వారంలో మనిషి ఇంతలా మారిపోతే ఎవరు నమ్ముతారే? ఎప్పుడూ ఆ మాట రాసేది నువ్వేగా. పాపం, ఎడిటర్‌గారు కంగారు పడతారు." కాగితాలు నా ముందుకు తోశారు. "మామూలుగా తిట్టు."

తిట్టాను. మరమనిషిని, తాళాలను, "మీ మంచికే" అన్న మాటను. కడుపులో మంటంతా మూడు పేజీలు కక్కాను. ఆయన ఒక్క అక్షరం మార్చకుండా పంపారు. పది నిమిషాల్లో జవాబొచ్చింది. ఫోను నా మొహం ముందు పెట్టి చూపించారు.

"శభాష్ మిరపకాయ్! ఆఫీసుకు రావడం లేదేమిటా అని బెంగపడ్డాను. ఘాటు ఏమాత్రం తగ్గలేదు, కులాసాగానే ఉన్నావన్నమాట."

ఆయన కాఫీ కప్పు కడిగి బోర్లించి, చెప్పులేసుకుని వెళ్లారు. బయట తాళం పడింది.