సగం నాది

నలభై దాటినా ఇంట్లో అతను చిన్నోడే. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాడు. చూపు పోయిన అక్క కొనుక్కున్న ఈ-పుస్తకాలను కంప్యూటర్ పైకి చదివి వినిపించకుండా కంపెనీవాళ్లు తాళం వేసి ఉంచారని తెలిసి అతనికి ఒళ్లు మండింది. దాన్ని తీసే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. మధ్యలో చిక్కుపడితే, ఇంటర్నెట్‌లో 'ఉడుత' అని పేరు పెట్టుకున్న ఎవరో విప్పారు. నాలుగేళ్లు కలిసి పనిచేశారు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు, గొంతు వినలేదు, అంతా రాసుకోవడమే. పొద్దున్నే 'లేచావా' అని పలకరించేది అక్క తర్వాత ఆ ఉడుతే.

ప్రోగ్రాంను అందరికీ ఊరికే ఇచ్చారు. కాపీరైట్ చట్టం కింద ఇద్దరిమీదా కుట్ర కేసు పడింది. కంప్యూటర్ ముట్టకూడదనీ, రెండో ముద్దాయి ఉడుతతో మాట్లాడకూడదనీ షరతులు పెట్టి బెయిలిచ్చారు. పోలీసులు కంప్యూటర్ పట్టుకుపోయాక కూడా అతను అలవాటుకొద్దీ పొద్దున్నే ఖాళీ బల్ల ముందు కూర్చునేవాడు. ఏం చేస్తున్నావురా అని అక్క వంటింట్లోంచి అడిగితే, ఏం లేదక్కా అనేవాడు.

ఉడుతను మొదటిసారి కోర్టులోనే చూశాడు. యాభై ఏళ్ల బక్కమనిషి, చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. ఇద్దరినీ ఒకే బెంచీ మీద, మధ్యలో కానిస్టేబుల్‌తో కూర్చోబెట్టారు. ఉడుత నవ్వబోయి తల దించుకున్నాడు.

తప్పంతా అవతలివాడిమీదికి నెట్టేయమని అతని లాయరు చెవినిల్లు కట్టుకుని పోరాడు. అతను ఒప్పుకోలేదు. ఆరోజు ముందుగా ఉడుతనే బోనులోకి పిలిచారు.

"మొత్తం నేనే రాశానండీ. ఆయనకేం తెలీదు."

లాయరు ముఖం వెలిగిపోయింది. కుట్రకి ఇద్దరుండాలి, ఒక్కడే అంటే కేసు నిలవదు, ఇక నోరు మెదపకండని చెవిలో ఊదాడు. అతను లేచి నిలబడ్డాడు.

"సగం నాదండీ. మొదలుపెట్టింది నేను. చిక్కు విప్పింది ఆయన."

లాయరు తల పట్టుకున్నాడు. ఉడుత కళ్లు మూసుకున్నాడు.

నేరం రుజువైంది. పైసా సంపాదించలేదు గనక జైలు తప్పించారు. మూడేళ్లపాటు ఇద్దరి మధ్యా మాటా ఉత్తరమూ ఉండకూడదన్నారు. మెట్ల దగ్గర ఉడుత పక్కనుంచే వెళ్లాడు. కానిస్టేబుల్ చూస్తూనే ఉన్నాడు. ఇద్దరూ చెరోవైపు నడిచారు.

ఇంటికొచ్చాక అక్క అడిగింది, ఆ మనిషి గొంతెలా ఉందని.

"కాస్త బొంగురక్కా."

"నీతో ఏమన్నాడురా?"

"నాతో కాదక్కా, జడ్జిగారితో మాట్లాడాడు."

అక్క తడుముకుంటూ వచ్చి అతని పక్కన కూర్చుంది.