బొటనవేలి గీతలు

ఫ్రిజ్‌లో మంచు అరలోంచి అప్పుడే తీసిన తేనెపెట్టె చెక్క ఫ్రేముని కత్తితో ఒక్క తట్టు తడితే చాలు, తేనెటీగల బంక పెళుసుగా పెటపెటా రాలిపోతుంది. రెండు నిమిషాలు ఆలస్యమైతే అదే బంక మెత్తబడి కత్తికీ వేళ్ళకీ బట్టలకీ పట్టుకుని ఒక పట్టాన వదలదు. అందుకే ఆమె ఒక చేత్తో గీకుతూ, మోకాలితో ఫ్రిజ్ తలుపు మూస్తూ, గీకిన ఫ్రేములు కడగడానికి పొయ్యి మీద పెట్టిన చాకలి సోడా నీళ్ళు పొంగుతున్నాయేమోనని మధ్యమధ్యలో మెడ తిప్పి చూస్తోంది. మొత్తం అరవై ఫ్రేములు, విడతకు పదేసి మంచులో పెడుతోంది. ఇరవై రెండోది చేతిలో ఉంది.

తేనెపెట్టెలు భర్తవి. వీధిలో అందరికీ ఆయన తేనె మాస్టారు. ఆదివారం పాతికమంది శిక్షణకు వస్తున్నారు, పరికరాలు అద్దంలా మెరవాలి. పెట్టెకు పొగ పెట్టేది ఆయన, తేనె తీసేది ఆయన, ఫొటో దిగేది ఆయన. మైనమూ బంకా మాత్రం ఇంటిపని కిందికి వస్తాయి. "నీ చేతిలో ఏదో ఉందోయ్, నాకు రాదు" అని ఆయన అన్నప్పుడు మొదటి ఏడాది మురిసిపోయింది కూడా. మనిషిని పనిలోకి దించడానికి పొగడ్తకు మించిన తాడు లేదని తెలియడానికి ఆమెకు మరో పదేళ్ళు పట్టింది.

ఆమెది ఆసుపత్రి మందుల స్టోరులో ఉద్యోగం. హాజరు కోసం వేలు పెట్టే మెషీను ఏటా ఈ నెలలో ఆమెను గుర్తుపట్టదు. సోడా నీళ్ళకు చర్మం అరిగిపోయి, ఆపైన బంక పూసుకుని, బొటనవేలు నున్నగా తయారవుతుంది. గ్లవ్స్ వేసుకుంటే ఫ్రేము మేకులకు పూట తిరక్కుండానే చిరిగిపోతాయి. "ఏమ్మా, మీరు మీరు కాదంటోంది మెషీను" అని సూపరింటెండెంటు నలుగురిలో నవ్వాడు. ఏం చేయాలో తెలియక తనూ నవ్వింది. ఇంటికొచ్చి చెబితే భర్త పేపరులోంచి తల ఎత్తకుండా, "అంటితే కడుక్కుంటే పోతుంది. బంకేగా" అన్నాడు.

ఈసారి నవ్వి ఊరుకునే సంగతి కాదు. స్టోరు ఇన్‌ఛార్జి రిటైరైంది, వరసలో ఈమే ఉంది. సోమవారం పది గంటలకు స్టోరు తలుపు తాళానికి వేలిముద్ర ఎక్కించాలి. ఆ తలుపు ఇన్‌ఛార్జి బొటనవేలికే తెరుచుకుంటుంది. మూడుసార్లు పెట్టినా ముద్ర పడకపోతే ఆ కుర్చీ తర్వాతి మనిషికి వెళుతుంది. నాలుగు రోజులు చేతులు ఊరికే ఉంచితే గీతలు తిరిగొస్తాయని ఏటా చూస్తూనే ఉంది. ఇవాళ గురువారం.

పొద్దున కాఫీ దగ్గర ఆ మాటే చెప్పింది. "ఈ ఒక్కసారికి కానిచ్చెయ్" అన్నాడు భర్త. ప్రతి ఏడూ ఆయనకు ఒక్కసారే. అత్తగారు ఇంకాస్త ప్రేమగా చెప్పింది. వాడు గీకితే మైనం ఇల్లంతా తొక్కుతాడు, మళ్ళీ తుడుచుకునేదానివి నువ్వే కదమ్మా అంది. అందులో అబద్ధం లేదు. ఆ నిజానికే ఆమెకు ఒళ్ళు మండింది. మండుతూనే వచ్చి కత్తి పట్టుకుంది, అలవాటు అలాంటిది.

ఇరవై మూడో ఫ్రేముకి చెయ్యి చాపి ఆగింది. బొటనవేలు స్టీలు పళ్ళెం మీద గట్టిగా ఒత్తి, వెలుతురుకి తిప్పి చూసింది. పళ్ళెం మీద జిడ్డు మరక ఉంది, గీత లేదు. ఇంకో చోట ఒత్తింది, అక్కడా లేదు. పక్క గదిలో భర్త ఆదివారం చెప్పబోయే పాఠం వల్లె వేసుకుంటున్నాడు. ఈగ తన ఒళ్ళు పట్టేంత దారి మాత్రం ఎప్పుడూ ఖాళీగా వదులుకుంటుందండీ, దాన్ని పూడ్చదు, ఎవరినీ పూడ్చనివ్వదు అంటున్నాడు. ఆ పాఠం ఆమెకు కంఠతా వచ్చు. వేలెడంత లేని ఈగకున్న బుద్ధి తనకు లేకపోయిందే అని మొదటిసారి అనిపించింది.

పొయ్యి ఆర్పేసింది. స్పిరిట్‌తో చేతులు తుడుచుకుని, కత్తి తీసుకెళ్ళి ఆయన కాగితాల మీద పెట్టింది.

"ఈ విడతవి ఫ్రిజ్‌లో ఉన్నాయి, మిగతావి పెరట్లో. ఒక్కొక్కటే తీసి గీకండి."

"నేనా? ఆదివారం అంతమంది ముందు ఈ బంక చేతులతో ఎలా నిలబడమంటావు?"

"అంటితే కడుక్కుంటే పోతుంది. బంకేగా."

ఆ మాట తనదేనని ఆయనకు వెంటనే తట్టలేదు. తట్టాక కత్తి పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

ఆమె ముందుగదిలో కూర్చుంది. కూర్చుందన్నమాటే గానీ మనసంతా అక్కడే ఉంది. చప్పుడును బట్టి నాలుగు ఫ్రేములు ఒక్కసారే బయటికి తీశాడని తెలిసిపోయింది. అవి మెత్తబడిపోతున్నాయి. కత్తి అడ్డంగా పెడుతున్నాడు, అలా పెడితే చెక్క లేచిపోతుంది. తనకు తెలియకుండానే కాళ్ళు లేవబోయాయి. "కాస్త వెళ్ళి చూపించరాదటమ్మా" అంది అత్తగారు.

లోపల చెక్క ఫెళ్ళున విరిగింది. ఆమె రెండు బొటనవేళ్ళనూ పిడికిళ్ళలో దాచుకుని, అలాగే కూర్చుంది.