ఒకే మొక్కకి రెండు రకాల టమాటాలు

"ఆ కుండీ జారి కింద ఎవరి నెత్తిన పడినా మనందరం కోర్టుల చుట్టూ తిరగాల్సిందే," అన్నాను.

అప్పటికి కుండీ జారలేదు. జారే ఉద్దేశం దానికి ఉన్నట్టు కూడా లేదు. మూడో అంతస్తు బాల్కనీలో, ఇనప కమ్మీకి రెండు తాళ్ళతోనూ ఒక పాత బెల్టుతోనూ బిగించి ఉంది. అయినా ముందే అనేసి ఉంచడం నాకు అలవాటు. అనేస్తే జరగదేమోనని ఆశ.

"ఆ బెల్టు పెట్టుకుంటే నేనే కదల్లేకపోయేవాణ్ణి. కుండీ ఎక్కడికి పోతుందోయ్?" అన్నారు మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆయన బస్సు డ్రైవరు. రోజూ అంతమందిని క్షేమంగా దించి వస్తారు కాబట్టి ఇంట్లో దేనికీ భయపడరు. ఆ పని నాకు వదిలేశారు.

కుండీలో ఉన్నది టమాటా మొక్క. నా భుజం దాకా పెరిగింది. పెరగడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. నాలుగు పూలు పూసి, నాలుగూ రాల్చేసింది. మా బాల్కనీ ఎదురుగా పక్క బిల్డింగు గోడ. ఎండ పొద్దున్నే చుట్టపుచూపుగా వచ్చి, కూర్చోమనేలోపే వెళ్ళిపోతుంది.

మా బిల్డింగులో పదకొండు మందిమి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఇంట్లో ఎవరు ఏం చేసినా, ఏం పెంచినా, ఏం వండినా అందులో ఫొటో పెట్టాలి. వడ్రంగి బాబాయి విరిగిన తలుపుతో అలమర చేసి పెట్టాడు. టైలరు వదిన జామ్ సీసాల మూతలకి గుడ్డ టోపీలు కుట్టి పెట్టింది. గ్రూపు నడిపేది పోస్టాఫీసులో రిటైరైన ఒకావిడ. అందరం రూల్స్ అక్కయ్య అంటాం, ఆవిడ ఎదురుగానే అంటాం. ఆవిడ మొదటి రూలు ఏమిటంటే, ఫొటో పెట్టినవాళ్ళు వచ్చే ఆదివారం మిగతావాళ్ళని ఇంటికి పిలిచి అదెలా చేశారో చేసి చూపించాలి.

మూడు నెలల్లో నేను పెట్టిన ఫొటోలు సున్నా. అందరి ఫొటోల కిందా "చాలా బాగుంది" అని రాసీ రాసీ, నేను "చా" అని కొట్టగానే మిగతాది నా ఫోనే పూర్తి చేస్తోంది.

ఈ నెల అక్కయ్య ఇంకో రూలు పెట్టింది. డాబా మీద వాటర్ ట్యాంకు నీడ పడని మూల ఒకటుంది. రోజంతా ఎండే. అందరిలోకీ బాగా కాసిన కుండీకి ఆ మూల ఏడాదిపాటు ఇస్తుందట. అది చదివాక నాకు అన్నం సయించలేదు. ఆ మూల దొరికితే నా మొక్క కాస్తుంది. కాస్తేగాని ఆ మూల దొరకదు. వంటింట్లో కళ్ళు తుడుచుకుంటుంటే మా ఆయన చూశారు. ఉల్లిపాయలన్నాను. ఆ పూట నేను తరుగుతున్నది క్యారెట్లు.

బుధవారం మా అమ్మాయి స్కూల్లో మీటింగుకి వెళ్ళి వచ్చేసరికి మొక్క నిండా టమాటాలు! ఏడు! ఎర్రగా, నిగనిగలాడుతూ!

"అమ్మో, దీనికేదో రోగం వచ్చింది," అన్నాను.

దగ్గరికెళ్తే దారం కనబడింది. ఒక్కో కాయనీ తొడిమ దగ్గర ముడేసి కొమ్మకి వేలాడదీశారు. మా ఆయన తలుపు వెనకాల నిలబడి నోరు నొక్కుకుంటున్నారు.

"నువ్వు నవ్వుతావని కట్టానోయ్. తొడిమలున్నవే ఏరుకొచ్చాను. తొడిమలు వండుకుంటారా సార్ అని కూరగాయలవాడు అడిగాడు కూడా!"

నవ్వొచ్చిన మాట నిజం. ఇంతలో మా అమ్మాయి నా ఫోన్ పట్టుకొచ్చింది. "అమ్మా, నీ ఫొటోకి అప్పుడే ఎన్ని చప్పట్లో చూడు!"

"నా ఫొటో ఏమిటే? ఎవరు పెట్టారు?"

"నాన్న పెట్టమన్నారు."

"నేను తీయమన్నాను. పెట్టమనలేదు," అన్నారాయన.

తీసేద్దామని ఫోన్ లాక్కునేలోపే బాబాయి గ్రూపులో అడిగాడు. "అమ్మాయ్, పైన మూడు గుండ్రంగా, కింద నాలుగు కోలగా ఉన్నాయేం?"

ఫొటోని పెద్దది చేసి చూశాను. తొడిమ ఉంటే చాలని ఈయన రెండు బుట్టల్లోంచి ఏరుకొచ్చారు.

పట్టుబడ్డాననే అనుకున్నాను. కానీ వెంటనే టైలరు వదిన రాసింది. "బాబాయ్, అంతమాత్రం తెలీదా? అంటు కట్టింది! ఒకే మొక్కకి రెండు రకాలు! మూడు నెలలు కిక్కురుమనకుండా మా వదిన ఇదా చేస్తున్నది!"

అయిదు నిమిషాల్లో గ్రూపంతా చప్పట్ల బొమ్మలే. వేరెవరికైనా అనుమానం వచ్చేది. మావాళ్ళకి మాత్రం ప్రతిదాని వెనకా ఒక పనితనం కనబడుతుంది. చివర్లో అక్కయ్య రాసింది. "ఆదివారం పదిన్నరకి. అంటు కట్టడం చూపించాలి. ఎవరి మొక్క వాళ్ళు తెచ్చుకోవాలి. మూల ఎవరికన్నది అక్కడే తేలుస్తాను."

నిజం చెప్పేద్దామని మూడుసార్లు రాశాను. మూడుసార్లూ చెరిపేశాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? ఆ చప్పట్లు నావి కావని తెలిసినా తియ్యగానే ఉన్నాయి.

శుక్రవారానికి కాయలు మెత్తబడ్డాయి. మా ఆయన మళ్ళీ తెచ్చి కట్టారు.

"ఈసారి ఒక వంకాయ కూడా కడదాం నాన్నా, మూడు రకాలవుతాయి," అంది అమ్మాయి.

"నవ్వండి, నవ్వండి. రేపు స్కూల్లో నిన్ను టమాటాల దొంగ కూతురంటారు, అప్పుడు ఏడుద్దువుగాని," అన్నాను. ఆయన్ని దొంగంటారో, నన్నంటారో కూడా తేలని పరిస్థితి.

"పోనీ, ఆదివారం జ్వరమని పడుకో," అన్నారాయన.

"నిజంగానే జ్వరం వస్తే?"

ఆయన మిగిలిన దారం ఉండ చుట్టుకుని లోపలికి వెళ్ళారు.

ఆదివారం పదిన్నరకి అయిదు నిమిషాల ముందే బెల్లు మోగింది. అందరూ మా బాల్కనీలో పట్టరని ముగ్గురే వచ్చారు. బాబాయి కొత్తగా సానబట్టిన చాకు తెచ్చాడు. అక్కయ్య నోటుపుస్తకం తెచ్చింది. టైలరు వదిన చంకలో కుండీని పసిపిల్లలా ఎత్తుకొచ్చింది. అందులో జానెడు మిరప మొక్క. కొసన ఒకే ఒక్క తెల్ల పువ్వు.

"నాలుగుసార్లు విత్తితే ఇదొక్కటే బతికింది వదినా. అయినా ఫరవాలేదు, నువ్వు దగ్గరుండి చేయిస్తే నాకేం భయం?" అంది.

నాకు తెలిసినంతలో నన్ను చూసి భయం పోయిన మొదటి మనిషి ఈవిడే.

మా మొక్కకి అడ్డంగా, కొంగు పరిచి నిలబడ్డాను. మా ఆయన టీలు తెచ్చి అందరికీ ఇచ్చి, నాకు కన్ను గీటారు. ఆ టీ ఆయన నెత్తిన పొయ్యాలనిపించింది.

"ముందు కొస నరకాలా అమ్మాయ్, పక్క కొమ్మా?" బాబాయి చాకు తెరిచాడు.

"ఏదైనా... మీ ఇష్టం," అన్నారెవరో. చూస్తే నేనే.

బాబాయి చాకుని పువ్వు కింద కాడకి ఆనించాడు. వదిన కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుని కూడా నవ్వుతోంది. అంత నమ్మకం!

"ఇక్కడేనా?"

"ఆగండి బాబాయ్!"

నా అరుపుకి టీ కప్పులు గలగలమన్నాయి. వెనక్కి తిరిగి చేతికందిన టమాటాని పట్టి లాగాను. కాయ ఊడింది, దానితోపాటు మూరెడు తెల్లదారం.

"ఇది అంటు కాదు. కుట్టుదారం. ఈ మొక్క నాకు ఆకులు తప్ప ఏమీ ఇవ్వలేదు. కాయలన్నీ బజారువి."

"కట్టింది నేను అక్కయ్యా, తన తప్పేం లేదు," అన్నారు మా ఆయన.

"మీరుండండీ. కట్టింది మీరే, నాలుగు రోజులు దాచింది నేను."

అంతే. బాబాయి చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వదిన కళ్ళు తెరిచి, కుండీని ఒళ్ళోకి లాక్కుని, పువ్వు ఉందా లేదా అని తడిమి చూసుకుంది. నా వంక చూడలేదు. టీల మీద మీగడ కట్టింది. మూల సంగతి ఎప్పుడో వదిలేసుకున్నాను. గ్రూపులోంచి తీసేస్తారు, సరే. మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పుకుంటారు, అదీ సరే. మరి వదిన? ఇంకెప్పుడైనా నా మాట నమ్మి ఏదైనా చేస్తుందా?

అక్కయ్య కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. లేచి వచ్చి మిగిలిన ఆరు కాయల్నీ, ఆరు ముళ్ళనీ ఒక్కొక్కటే పరీక్షగా చూసింది. తర్వాత గోడనీ, గోడ మీది నీడనీ చాలాసేపు చూసింది. నోటుపుస్తకంలో ఏదో కొట్టేసింది. నా పేరే అనుకున్నాను.

"ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో చేశాను, రెండు రకాలు కాసిన అబద్ధాన్ని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను," అంది చివరికి. "అసలు కాస్తున్న మొక్కకి ఇంకా ఎండెందుకని నా బుర్రకి తట్టనేలేదు. ఆ రూలు కొట్టేశాను. దీన్ని ఇవాళే డాబా ఎక్కించు. మీ ఆయన మోస్తాడు. పక్కనే మీ వదిన మిరప మొక్క కూడా పెట్టండి, రోజూ రెండింటికీ నీళ్ళు నువ్వే పొయ్యాలి."