మురికి కింద పేరు

మా వెర్నా వదిన ముప్పై ఏళ్ళుగా శనివారం పొద్దున పక్క మీద పడుకున్న పాపాన పోలేదు. మంచు కరిగి, జనం ఇళ్ళ ముందు గడ్డిలో బల్లలు వేసి పాత సామాను అమ్మకానికి పెట్టడం మొదలైతే చాలు, ఆవిడకి పూనకం వచ్చేస్తుంది. ఫ్లాస్కులో కాఫీ, ఒళ్ళో చిల్లర సంచి, కారు తోలడానికి నేను. నేను ఆవిడ తమ్ముడి పెళ్ళాన్ని. కాదనే హక్కు నాకు పెళ్ళినాడే పోయింది.

ఇన్నేళ్ళలో ఆవిడ తెచ్చిన నిధులు చూస్తే కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమిటో తెలుస్తుంది. మూతల్లేని టీ కుండలు, కాలు విరిగిన పీటలు. రెండొందల ఏళ్ళ నాటిదని గుండెలకు హత్తుకుని తెచ్చిన పళ్ళెం అడుగున మైక్రోవేవ్‌లో పెట్టవచ్చని రాసి ఉంది. చర్చిలో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏం వెర్నా, ఈ వారం ఏ రాజుగారి చెంబు దొరికిందేమిటి?" అని అడుగుతారు. ఆవిడా వాళ్ళతో కలిసి నవ్వేస్తుంది. కారెక్కాక మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది.

"ఒక్కటి చాలే అమ్మాయ్," అంది ఒకసారి. "ఒక్కటంటే ఒక్కటి, అసలు సిసలుది, నా కంటితో నేను గుర్తుపట్టాలి. తర్వాత ఈ మోకాళ్ళు ఏ గంగలో కలిసినా నాకు బాధ లేదు."

ఆ ఒక్కటీ లెస్టర్ వానర్ కొట్టంలో కనిపించింది. లెస్టర్ మా పక్క పొలం ఆయన. ఒంటరివాడు, మాట మెత్తన. కొట్టం కప్పు కారుతోందని సామానంతా తీసి అమ్మేద్దామనుకున్నాడు. జన్మలో ఎప్పుడూ అమ్మకం పెట్టినవాడు కాదు, అందుకని ధర కాగితాలు అంటించడానికి బుధవారం మమ్మల్ని సాయం రమ్మన్నాడు. కోళ్ళమేత బస్తాలు జరుపుతుంటే వాటి వెనక ఒక పెద్ద చెక్క భోషాణం బయటపడింది. నాకు కనిపించింది నల్లటి మురికే. వదిన మాత్రం నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

మా వైపు బేరంలో మొదటి పాఠం ఏమిటంటే, మనసు పడ్డ వస్తువుని చచ్చినా మెచ్చుకోకూడదు. మెచ్చుకుంటే ధర ఎక్కుతుంది, తిడితే దిగుతుంది. కొనేవాళ్ళు తిడతారు, అమ్మేవాళ్ళు ఆ తిట్లు విని లోలోపల నవ్వుకుంటారు. ఇది అందరికీ తెలిసిన ఆటే. లెస్టర్‌కే తెలియదు.

"ఇదేమిటయ్యా లెస్టరూ, ఎలకలకి శవపేటికా?" అంది వదిన ముక్కు మూసుకుని. "ఈ కంపుకి దీంట్లో కోళ్ళు కూడా పడుకోవు. నలుగురూ వచ్చేచోట దీన్ని పెట్టి పరువు తీసుకుంటావా? పోనీ ఐదు డాలర్లకి పారెయ్, మేత పోసుకుంటా."

లెస్టర్ చెవులు ఎర్రబడ్డాయి. "అంత అసహ్యంగా ఉందా వెర్నక్కా? శనివారం ఏడింటిదాకా ఏదీ అమ్మనని బోర్డు పెట్టేశాను. నీకు ముందే ఇచ్చి ఇంకొకరికి లేదనలేను కదా."

"ఉంచుకో. దీనికోసం నేనేమన్నా నిద్ర మానుకుంటానా?"

కారెక్కగానే ఆవిడ నా భుజం పట్టుకుని ఊపేసింది. "పెళ్ళికూతురి భోషాణమే అది! మన తాతముత్తాతలు జర్మనీ నుంచి ఈ దేశం వచ్చిన కొత్తల్లో చేయించినది. మూల దగ్గర మురికి పెచ్చు ఊడింది, చూశావా? నీలం మీద ఎర్ర తులిప్ పువ్వు రేకు!"

"అయితే పేరు కూడా ఉంటుందంటావా?" అన్నాను. అప్పట్లో ఏ పిల్లకి చేయిస్తే ఆ పిల్ల పేరు, సంవత్సరం ముందు పలక మీద రంగులతో రాయించేవాళ్ళు. ఆ పాత రంగు ఉంటేనే వాటికి విలువ.

"ఉండక ఎక్కడికి పోతుంది? ఆ మురికి కింద ఎవరో ఒక పిల్ల ఉంది. శనివారం దాని మొహం కడుగుతాను."

ఇక చూడండి మా అవస్థ. గురువారం నేను రొట్టెల పిండి కలుపుతుంటే ఫోన్. "బార్బరా అయ్యుంటుందా?" శుక్రవారం మళ్ళీ ఫోన్. "కాదే, ఎలిజబెత్. ఆ రోజుల్లో ఇంటికో ఎలిజబెత్ ఉండేది." ఇద్దరికీ కలిపి పిచ్చాసుపత్రిలో ఒకే గది తీసుకుంటానన్నాడు మా ఆయన. వదిన పిచ్చిని చూసి ముప్పై ఏళ్ళు నవ్విన నేను కూడా అంట్లు తోముతూ ఆ పిల్ల పేరేమిటా అని ఆలోచిస్తూ నిలబడిపోయాను.

శనివారం తెల్లవారకముందే వరసలో మేమే మొదట. మా వెనక ట్రెక్స్‌లర్, పట్నంలో పాతవస్తువుల దుకాణం వాడు, టార్చిలైటుతో సహా దిగాడు. వాణ్ణి చూసి వదిన మొహం మాడింది. ఏడు కొట్టగానే లెస్టర్ కొట్టం తలుపు బార్లా తీశాడు.

మధ్యలో, తెల్ల దుప్పటి మీద ఉంది భోషాణం. అప్పుడే పొయ్యిలోంచి తీసి వెన్న పూసిన బన్నులా మెరిసిపోతోంది. వార్నిష్ వాసన గుప్పుమంది. నీలం లేదు, ఎరుపు లేదు, మురికి అసలే లేదు. ఒట్టి చెక్క.

"నువ్వు అంత మాట అన్నాక నాకు మనసొప్పలేదక్కా," అన్నాడు లెస్టర్, మొహమంతా నవ్వుతో. "రంగు ఊడగొట్టే మందు పోస్తే అంతా నల్ల గుజ్జులా వచ్చేసింది. తర్వాత ఉప్పుకాగితంతో రుద్దీ రుద్దీ... ఇది అమ్మకానికి కాదు, నీకే. ఊరికే తీసుకో. ప్రతి వారం అంత ఆశగా వెళ్ళి పగిలిన చిప్పలు తెచ్చుకుంటావు. ఒక్కసారైనా మంచిది పట్టుకెళ్ళొద్దూ?"

ట్రెక్స్‌లర్ వంగి, చెక్కలు కలిసిన మూలల మీద వేలు పెట్టి చూశాడు. అదెంత పాతదో వాడికి అర్థమైపోయింది. "అయ్యో, ఎవడయ్యా దీన్ని ఇలా..." అని నోరు తెరిచాడో లేదో, వదిన తన బరువంతా వేసి వాడి కాలు తొక్కింది.

"ఎంత చక్కగా చేశావు లెస్టరూ," అంది. ఒక అమ్మకంలో ఒక వస్తువుని ఆవిడ మెచ్చుకోవడం నేను వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరిని తిట్టాలో మాత్రం తెలియలేదు.

లెస్టర్ ఉబ్బిపోయాడు. "అయితే రెండోదీ చేసేస్తా! దీని జోడీ అటక మీదుంది, అమ్మ దుప్పట్లు పెట్టుకునేది. మందు ఇంకో డబ్బా మిగిలింది, మధ్యాహ్నం మొదలుపెడతా."

ట్రెక్స్‌లర్ కళ్ళు పెద్దవయ్యాయి. వదిన ఒక్క మాట అంటే సరిపోయేది. నీకెందుకు శ్రమ, అలాగే ఇచ్చెయ్, నేనే శుభ్రం చేసుకుంటా అంటే చాలు. ముప్పై ఏళ్ళ కల ఆ సాయంత్రానికి వదిన ఇంట్లో ఉండేది. ఆ మాటే అనెయ్ అని నేను మనసులో బతిమాలాను కూడా. ఆవిడ వార్నిష్ ఆరీ ఆరని ఆ భోషాణం మీదే చతికిలబడింది.

"దాన్ని ముట్టుకోకు లెస్టరూ. నేను అబద్ధం చెప్పాను. బుధవారం ఇది అసహ్యంగా లేదు. నేను ఇన్నేళ్ళలో చూసినవాటిలో ఇంత అందమైంది లేదు. ఐదు డాలర్లకి కొట్టేద్దామని అలా అన్నాను. పైనున్న దాన్ని ఆ పాత రంగుతో అలాగే అమ్మితే నీ కొట్టానికి కప్పు కొత్తది వేయించినా ఇంకా మిగులుతుంది. వీడు ఎంత ఇస్తానన్నా, ఇంకో ఇద్దర్ని అడక్కుండా ఇవ్వకు."

"నీకేమన్నా మతి పోయిందా వెర్నా?" అని గొణిగాడు ట్రెక్స్‌లర్.

లెస్టర్ తన చేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఆ నల్లది ఇంకా ఉంది. ఆయన అరుస్తాడేమోనని ఎదురుచూశాను. అరవలేదు. "పైకి రండి," అన్నాడు చివరికి. "అదెలా ఉంటుందో నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు."

ట్రెక్స్‌లర్‌ని కిందే వదిలేసి మేం ముగ్గురం అటకెక్కాం. లెస్టర్ రుమాలు తడపబోతే, "తడి వద్దు, పొడిగుడ్డతో, మెల్లిగా," అంది వదిన. తను మాత్రం ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తుడుస్తుంటే ముందు నీలం వచ్చింది. తర్వాత తులిప్ పువ్వు, దాని పక్కన ఎదురెదురుగా రెండు పిట్టలు. వాటి కింద అక్షరాలు. లెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు.

"స... లో... మె. సలోమె వానర్!" అని అరిచాడు. "మా ఇంటి పిల్లే!"

ముగ్గురం పిల్లల్లా నవ్వాం. వదిన కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కాసేపటికి లెస్టర్ నవ్వు ఆపి, మెట్లవైపు చూశాడు.

"రెండూ జోడీ అంటే, అక్కచెల్లెళ్ళవి అయ్యుంటాయి కదా? కింద దాని మీద ఎవరి పేరు ఉందక్కా? రంగు ఉండగా చూసింది నువ్వే."

"చూడలేదు," అంది వదిన. "తుడిస్తే నువ్వు చూసేస్తావని భయపడ్డాను."