కొత్త పిస్టన్ వేశాక

నేను ఒక రంపం మిషన్ని. పెట్రోలు తాగి, పళ్ళ గొలుసు తిప్పి, చెట్టు కోస్తాను. ఇంతకంటే అందంగా చెప్పడం నాకు రాదు. నా గొంతు అసలే కర్కశం, విన్నవాళ్ళు చెవులు మూసుకుంటారు. మీరు మూసుకోకండి.

నన్ను ఎక్కడో దూరాన ఫ్యాక్టరీలో చేశారు. డబ్బా మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంది గానీ, నా మరలు బిగించిన అమ్మాయి పేరు ఎక్కడా లేదు. డ్యూటీ దిగేటప్పుడు ఆమె మణికట్టు నొక్కుకుంటూ వెళ్ళింది. నా మొదటి దణ్ణం ఆ మణికట్టుకి.

నెల్లూరు సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలు కోయించే మాలకొండయ్య మేస్త్రి నన్ను కొన్నాడు. మిషన్లు అతనివి కాబట్టి కోతలన్నీ అతనివే. గొడ్డలి తప్ప ఏమీ లేనివాళ్ళు అతని కూలీలు. నన్ను మోసింది పెంచలయ్య, కోసింది పెంచలయ్య, పేరు మాత్రం మాలకొండయ్య కోత. పెట్రోల్లో ఆయిల్ కలపకపోతే నా లోపల పిస్టన్ పట్టేస్తుంది. ఆ మాట పెంచలయ్య చెప్పాడు కూడా.

"మిషనుకి తలంటు పోస్తావంట్రా?" అని మాలకొండయ్య నవ్వి, ఒట్టి పెట్రోలే పోయించాడు.

నడి ఎండాకాలంలో నా పిస్టన్ కాలి అతుక్కుపోయింది. తుక్కు కింద పారెయ్యబోతుంటే పెంచలయ్య, అతని వదిన చెంచమ్మ, ఇంకొంతమంది కూలీలు కలిసి నన్ను కొనుక్కున్నారు. మేస్త్రి లేని జట్టు కడతామన్నారు. ఊరు నవ్వింది.

మెకానిక్ ఖాదర్ బాషా నన్ను పూర్తిగా విప్పేసి, కొత్త పిస్టను, కొత్త సిలిండరు వేసి బిగించాడు. తాడు లాగితే గర్జించాను. చచ్చి బతికినవాళ్ళకే తెలుస్తుంది ఆ రుచి.

చెంచమ్మ సంతోషం పట్టలేకపోయింది. వాకిట్లో పీట వేసి నన్ను కూర్చోబెట్టింది. ఒళ్ళంతా పసుపు పూసింది. నా ట్యాంకు మూత గుండ్రంగా ముఖంలా ఉందని దానికి మరీ దట్టంగా మెత్తి, పైన కుంకుమ బొట్టు పెట్టి టెంకాయ కొట్టింది. అంత గౌరవం నాకు ఎవరూ చెయ్యలేదు. గర్వపడ్డాను.

జట్టుకి మొదటి తోట దొరికింది. శుక్రవారం లారీ వచ్చేసరికి కోత అయిపోవాలి, కాకపోతే మాలకొండయ్యని పిలుస్తానన్నాడు తోట ఆసామి. పిలిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. జట్టు చెదిరిపోతుంది. మళ్ళీ ఆ గడప ముందే చేతులు కట్టుకుని నిలబడాలి.

తోటలో దిగాక నా బండారం బయటపడింది. స్టార్టవుతాను, కొన్ని చెట్లు కోస్తాను, ఆపైన గొంతు సన్నబడి మొద్దు మధ్యలో ఆగిపోతాను. పెంచలయ్య ప్లగ్గు మార్చాడు. ఫిల్టరు దులిపాడు. కార్బురేటరు మరలు అటూ ఇటూ తిప్పి పాడుచేశాడు. మూత తీసి పెట్రోలు పోస్తే లేచాను, కాసేపటికి మళ్ళీ పడ్డాను.

"సగం కడుపుకి పని చెయ్యదంటబ్బా. మేస్త్రి కాడ పెరిగిన బుద్ధి!" అన్నాడు పెంచలయ్య.

"సగం కడుపుకి పని చేసింది మనమే గదా అబ్బయ్యా," అంది చెంచమ్మ.

బాషా దగ్గరికి మోసుకెళ్ళారు. అతను మూత తీసి, పాత పెట్రోలు ఒంపేసి, కొత్తది పోసి తాడు లాగాడు. గర్జించాను.

"నా కాడ బాగానే ఆడతా ఉండాదే! మీ చేతుల్లో ఏందో ఉండాది."

"మా చేతుల్లో కాదు బాషా, నువ్వేసిన పిస్టన్లో ఉండాది!"

చిన్నప్పటి నుంచి దోస్తులు. ఆ రోజు ముఖాలు చూసుకోకుండా విడిపోయారు. పిస్టన్ బంగారంలా ఉంది, నాకు ఊపిరాడటం లేదు, అని చెప్పడానికి నాకు నోరేది?

గురువారం మధ్యాహ్నానికి తోటలో మూడో వంతు ఇంకా నిలబడే ఉంది. మాలకొండయ్య బండి వేసుకుని వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఏం చెంచమ్మా, పూజ చేసినావంట గదా. దేవత కరుణించలేదా?"

"నువ్వు చంపిన మిషను గదయ్యా. లేచేదానికి టైం పడతాది, పో!"

అతను పోయాడు. పెంచలయ్య తాడు లాగి లాగి భుజం పట్టుకుని కూలబడ్డాడు. అందుకని ఈసారి చెంచమ్మే నా మూత తిప్పింది. సుయ్‌మని గాలి లోపలికి దూసుకుపోయింది. పెంచలయ్యకి ఆ చప్పుడు ఎప్పుడూ వినపడలేదు. కోత మోతకి అతని చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. ఆమె లోపలికి తొంగిచూసింది. సగానికి పైగా పెట్రోలు ఉంది. మూత బిగించేసింది.

"కొయ్యి అబ్బయ్యా."

"పెట్రోలు పొయ్యలేదు గదొదినా?"

"కొయ్యమన్నానా!"

కోశాను. ఆగాను. ఆమె మళ్ళీ మూత తిప్పింది. మళ్ళీ సుయ్.

"నూనె డబ్బాకి ఒక పక్కే బెజ్జం పొడిస్తే నూనె దిగతాదా? గాలికి ఇంకో పక్క పొడవాల. దీనికి ఆ రెండోది యాడుండాది?"

ఉంది. నా మూతలోనే, సూదిమొనంత. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ దారిన గాలి లోపలికి రావాలి. రాకపోతే ట్యాంకు పెట్రోలుని బిగబట్టుకుంటుంది. ఆ బెజ్జంలో పసుపు దిగి గట్టిపడిపోయింది. దాని మీద బొట్టు.

చెంచమ్మ గాజుకున్న పిన్నీసు తీసి పొడిచింది. పచ్చటి పొడి రాలింది.

"నా తల్లీ, నా చేతుల్తో నేనే నీ ముక్కు మూసినానే!"

పెంచలయ్య పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "బాషాని అన్యాయంగా తిట్టొచ్చినానే," అంటూ సెల్లు తీశాడు. బాషా వచ్చాడు. "నా పిస్టన్ని అంటావురా?" అని ఒక్క తిట్టు తిట్టి, పెంచలయ్య చెడగొట్టిన కార్బురేటరు మరలు సరిచేశాడు. తర్వాత ఇద్దరూ నాకు దూరంగా పోయి ఒకే బీడీ పంచుకున్నారు.

మనుషులు వింత. ఒకడు నాకు ఆయిల్ ఎగ్గొట్టి చంపాడు, ఒకామె ముద్దు చేసి ఊపిరాపింది. అయినా ఆ రెండూ ఒకటని ఎవడైనా అంటే ఒప్పుకోను. నేను ఆగిపోతే అతను పారేశాడు. ఆమె చెవి పెట్టి వింది.

శుక్రవారం లారీ వచ్చేసరికి ఆఖరి సరుగుడు నేల మీద ఉంది. డ్రైవరు దిగి, పేర్చిన మొద్దులు చూసి అలవాటుగా అడిగాడు.

"ఎవరి మనుషులమ్మా మీరు?"

ఆ ఒడ్డున ఆ ప్రశ్నకి ఎప్పుడూ ఒకటే జవాబు, మాలకొండయ్య మనుషులం అని. జట్టులో ఒకామె నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. చెంచమ్మ నన్ను భుజానికెత్తుకుంది.

"ఎవరి మనుషులం ఏందయ్యా? మనుషులం. ఎక్కించుకో!"

ఇప్పుడు జట్టుకి కొత్త మిషన్లు వచ్చాయి. నేను బాషా కొట్టు గోడకి, మేకు మీద వేలాడుతున్నాను. తుప్పు పడుతోంది, పట్టనీ. ఏ చెట్లు కోశానో గుర్తు లేదు. నన్ను ఎత్తుకున్న ఆ భుజం గుర్తుంది. దానికి ఋణపడి ఉన్నాను. తీర్చేసుకోవాలని మాత్రం లేదు.