వాత పెట్టిన అట్లకాడ

నేను ఒక అట్లకాడను. అట్లు తిరగేసి ఊరుకుని ఉంటే ఇవాళ మీ ముందు తలెత్తుకునే ఉందును. ఇప్పుడు ఒక ఆసుపత్రి కిటికీలో, దూది డబ్బా పక్కన పడి ఉన్నాను. ఇక్కడికి ఎలా వచ్చానో చెప్పాలంటే నాకే నోరు రావడం లేదు.

చీపురుపల్లి దారిలో ఒక కమ్మరి నన్ను కొలిమిలో కాల్చి, సాగగొట్టి, అంచు పదును పెట్టాడు. సంతలో సన్యాసమ్మ నన్ను కొంది. ఇంటి అరుగు మీదే ఆమె టిఫిన్ కొట్టు. నేను వెళ్ళాక అక్కడ ఒక్క అట్టు మాడలేదు. ఆ పొగడ్తలకే నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

సన్యాసమ్మ మనవరాలు మోక్షితకి పది నెలలప్పుడు జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. పిల్ల కర్రలా బిగుసుకుపోయింది. కళ్ళు పైకి తేలేసింది. ‘గాలి సోకింది, వాతెట్టాల’ అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. నన్ను పొయ్యిలో పెట్టారు. పిల్ల తల్లి ఈశ్వరి నన్నే చూస్తూ నిలబడింది.

“ఏటే అలా సూత్తావు? కాళ్ళు గట్టిగా పట్టుకో!” అంది సన్యాసమ్మ.

ఈశ్వరి పట్టుకుంది. నేను బొడ్డు పక్కన పడ్డాను. పిల్ల కేరుమంది.

“సూసినారా, ఏడిసింది! గాలి ఒగ్గేసింది!” అంది సన్యాసమ్మ. అందరూ నవ్వారు. అట్టు తింటున్న ఆటో గౌరినాయుడు అయితే, “పెద్దమ్మ చేతిలో అట్టయినా, గాలయినా బోర్లా పడాల్సిందే!” అన్నాడు. అప్పుడు నేనూ పొంగిపోయాను. నిజంగా నేనే బతికించాననుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పుడు తుప్పు పట్టి రాలిపోవాలనిపిస్తుంది.

పిల్లకి ఏడాదిన్నర వచ్చింది. వానల్లో మళ్ళీ జ్వరం. పొద్దున్నే చాప మీద పిల్ల మళ్ళీ బిగుసుకుపోయింది. సన్యాసమ్మ ఎవరినీ అడగకుండానే నన్ను నిప్పుల్లో దూర్చింది.

“వద్దత్తా,” అంది ఈశ్వరి.

“నోర్ముయ్. గుంట సచ్చిపోతే నువ్వు తెత్తావేటి?”

నేను పైకి లేచాను. ఈశ్వరి పిల్లని ఒక చేత్తో గుండెలకి అదుముకుని, రెండో చేత్తో నన్ను లాక్కుంది. పిడి సన్యాసమ్మ చేతిలో ఉంది కదా, ఆమెకి దొరికింది నా కాలిన రేకే. పట్టుకుని అలాగే వీధిలోకి పరిగెత్తింది. గౌరినాయుడు సగం తిన్న అట్టు వదిలేసి, “ఎక్కమ్మా, ఎక్కు!” అని ఆటో తీశాడు.

రైలు గేటు దాటక ముందే పిల్ల ఒళ్ళు మెత్తబడింది. కాసేపటికి ఏడిచింది. ఈసారి ఎవరూ కాల్చలేదు. నా గొప్పతనమంతా ఆ ఆటోలోనే తేలిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లని చూసి, తరవాత ఈశ్వరి వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. అరచెయ్యంతా బొబ్బలు.

“చర్మంలోంచి సన్నటి దారాల్లా నరాలు పోతాయమ్మా. కాలిందన్న కబురు అవి వెన్నుపాముకి మోస్తాయి. అది మెదడుని అడక్కుండానే చెయ్యి లాగించేస్తుంది. నొప్పి మనకి తెలిసేది ఆ తరవాతే. మరి నువ్వెలా పట్టుకున్నావు?”

“ఒగ్గేత్తే మా అత్త మళ్ళీ తీసుకుంటాదండి.”

డాక్టరమ్మ నన్ను తీసి కిటికీలో పెట్టింది. “అయితే వదలొద్దని నీ మెదడే పైనుంచి గట్టిగా చెప్పి ఉంటుంది,” అంది. “పసిపిల్లల మెదడు లేతది. జ్వరానికి ఒక్కోసారి అందులో కబుర్లన్నీ ఒక్కసారే బయల్దేరతాయి. కాళ్ళూ చేతులూ ఏ మాట వినాలో తెలియక కొట్టుకుంటాయి. చాలావరకు కాసేపట్లో దానంతటదే ఆగుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టకు. అయిదు నిమిషాలైనా ఆగకపోతే ఆలస్యం చెయ్యకుండా తీసుకురా.”

పిల్ల గౌను పైకి తీసి, బొడ్డు పక్కన మచ్చ చూసి, “ఇదేమిటి?” అంది.

ఈశ్వరి అత్త పేరు చెప్పలేదు. నన్నూ చూపించలేదు. “నేనే కాళ్ళు పట్టుకున్నానండి,” అంది తల వంచుకుని. ఆ మాటకి కిటికీలో నేను ఎటు తిరిగి పడుకోవాలో తెలియలేదు.

కొట్టైనా కట్టకుండా సన్యాసమ్మ వేరే ఆటోలో వచ్చింది. ముందు పిల్లని తడిమింది. తరవాత కోడలి చెయ్యి చూసింది.

“ఓలమ్మా, ఇంత కాలిందా! మంటగుందేటే?”

“మంటేనత్తా. ఆ రోజు దానికీ ఇంతే మంట. అదేడిత్తే మనం నవ్వినాం.”

సన్యాసమ్మ చాలాసేపు పిల్ల పాదాలు నిమురుతూ కూర్చుంది. ఇంటికి బయల్దేరేటప్పుడు నన్ను తీసుకోబోయింది. నేను అప్పటికి చల్లగానే ఉన్నాను. పైగా ఆమె చెయ్యి తగలబోయింది నా చెక్క పిడికే. అయినా ఆ చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది.

ఆ కబురు చర్మం పంపింది కాదు.